ఐదు పైపులు, ఒక తెల్లమచ్చ

1986 జనవరి 6, సోమవారం. జగిత్యాల.

నువ్వు దొంగవి. అవును, నిన్నే. ఈ డైరీని ఇప్పుడు చేతిలో పట్టుకుని చదువుతున్న నిన్నే. నేను పిలవలేదు, నా భార్య తలుపు తీయలేదు, కోర్టు కాగితం ఇవ్వలేదు. అయినా వచ్చావు. బీరువా తెరిచావు. చీరల కింద చెయ్యి పెట్టావు. నా ఎనభైనాలుగు డైరీ నీ దగ్గరే ఉంది. ఎనభైఐదుదీ నీ దగ్గరే ఉంది. నువ్వు ఇన్‌స్పెక్టరువైనా, ఆయన పైవాడివైనా, స్టేషన్లో రైటరువైనా నాకొకటే. ఒకరి డైరీ ఎత్తుకుపోయి చదివేవాడికి మర్యాదైన మాట ఏదైనా ఉందేమో నాకు తెలియదు. నేను సోషల్ టీచర్ని, తెలుగు పండితుణ్ణి కాను.

ఈసారి నీకు నిరాశే. ఎవరు వచ్చారు, ఎవరు అన్నం తిన్నారు, ఏ దారిన పోయారు, ఇవేవీ ఇందులో ఉండవు. పైపుల గురించి ఉంటుంది. పొగాకు తాగే పైపులు. చదువుకో.

సంగతేమిటంటే, బీడీ మానేశాను. పొద్దున్నుంచి!

కారణం: నాలిక ఎడమ అంచున తెల్లమచ్చ. కందిగింజంత. డాక్టరు టార్చి వేసి చూశాడు.

“ఎన్నేండ్ల సంది తాగుతున్నవ్ సారూ?”

“ముప్పై.”

“పొగ బందు వెట్టు. నాలుగు వారాలకు రా. మచ్చ పోతే పోయినట్టు. పోకుంటే చిన్న ముక్క కోసి పరీక్షకు వరంగల్ పంపాలె.”

“పొగ అంటే బీడీ పొగనేనా?”

“పొగ.”

“అంటే బీడీ...”

“సారూ, బయట ఇంక పదిమంది కూసున్నరు.”

చూశారా వైద్యం! ప్రశ్నకు జవాబు లేదు. కాబట్టి జవాబు నేనే ఆలోచించాల్సి వచ్చింది. బీడీ పొట్టిది. నిప్పు పెదవి దగ్గరికి వస్తుంది. పైగా ఆకు కాలిన పొగ. పైపులో నిప్పు జానెడు దూరంలో ఉంటుంది, పొగ చల్లబడి నోట్లోకి వస్తుంది. వైరుధ్యం బీడీకీ నాలికకూ మధ్య. పైపు ఆ వైరుధ్యానికి బయట ఉంది.

ఇంకో మాట. ఈ మచ్చ నా ఒక్కడి గొడవ కాదు. నాకున్నది నోరు ఒక్కటే. నా చేతిరాత సంగతి నీకు తెలుసు, రెండేళ్లుగా చదువుతున్నావు. ఫిబ్రవరి మూడున కోరుట్లలో లేబర్ ఆఫీసరు ముందు బీడీ కార్మికుల విచారణ. ఆడవాళ్లు చుట్టి తెచ్చిన బీడీల్లో కంపెనీ చెకర్ గుప్పెళ్లకొద్దీ పక్కన పడేస్తాడు. బాగాలేవంటాడు. వాటికి కూలి ఇవ్వడు. తిరిగి కూడా ఇవ్వడు. అవి వెనక తలుపు నుంచి లోపలికి పోయి, కట్టలై, ముందు తలుపు నుంచి అమ్మకానికి వస్తాయి. దీని మీద రెండేళ్లు కొట్లాడితే ఇప్పటికి ఒక విచారణ దొరికింది. యూనియన్ అధ్యక్షురాలు కొమురవ్వ వచ్చి, “మా తరఫున నువ్వే మాట్లాడాలె సారూ” అంది. ముక్క కోసిన నాలికతో ఏం మాట్లాడతాను?

అందుకే ప్రతిజ్ఞ. బీడీ లేదు. పొద్దున ఒక పైపు, సాయంత్రం ఒక పైపు. పైపు చవకది కావాలి, కానీ మంచిది కావాలి. దొరల పైపు నాకొద్దు.

నా భార్య సుమిత్ర విని అన్నం గిన్నె కింద పెట్టింది.

“పొగ బందు వెట్టుమంటే పైపు కొంటనంటవా?”

“ఇది మధ్యంతర దశ.”

“ఏ దశనో నాకెర్క లేదు. రోజూ నోరు తెరిచి సూపియ్యాలె. నేను టార్చి వేసి సూస్త.”

ఒప్పుకున్నాను. ప్రజా పర్యవేక్షణకు నేను వ్యతిరేకిని కాను.

జనవరి 7, మంగళవారం.

బీడీ లేకుండా ఒక రోజు గడిచింది! తల నొప్పి. అయినా అద్భుతం.

గడియారం టవర్ దగ్గర దేవదాస్ దుకాణం. నా పాత విద్యార్థి. మస్కట్‌లో లారీ నడిపి వచ్చి, అక్కడి సామాను అమ్ముతున్నాడు. టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు, పులి బొమ్మ దుప్పట్లు. పైపులు ఉన్నాయా అంటే వాడి ముఖం వెలిగింది.

“అయిదున్నయ్ సార్! డబ్బ మీద పొగ బొమ్మ జూసి సిగరెట్లు అనుకొని కొన్న. రెండేండ్ల సంది ఒక్కడు ముట్టలే.”

“మంచివేనా?”

“మస్కట్ల కొన్న సార్.”

“అది నాణ్యతకు రుజువు కాదు దేవదాస్.”

“గట్లయితే నువ్వే సూస్కో. ఒక్కొక్కటి తీస్కపో. నచ్చింది ఉంచుకో, నచ్చనిది వాపస్ ఇయ్యి.”

న్యాయమైన పద్ధతి. ఎనిమిదో తరగతిలో వాడికి సోషల్‌లో నేనే మార్కులు వేశాను, వృథా పోలేదు.

చిత్తుకాగితాల దుకాణంలో దొరికిన పాత ఇంగ్లీషు పత్రికలో పైపుల మీద నాలుగు పేజీలున్నాయి. రెండుసార్లు చదివాను. బ్రయర్ అంటే మధ్యధరా సముద్రం చుట్టూ పెరిగే ఒక పొద. దాని మొదట్లో, వేళ్ల దగ్గర గడ్డ కడుతుంది. రైతుకూలీలు ఆ గడ్డను తవ్వి ఇస్తే ఫ్యాక్టరీవాళ్లు కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి పైపులు చేస్తారు. గడ్డలో రాళ్లుంటాయి, గుంతలుంటాయి. గుంత లేని దానికి దొర ధర. గుంత ఉన్నదానికి లప్పం పెట్టి, రంగు పూసి, మన ధర. అదే గడ్డ! అదే కూలీ! నారగీతలు నిలువుగా ఉంటే ఒక వర్గం, అడ్డదిడ్డంగా ఉంటే ఇంకో వర్గం. కర్రలో కూడా కులం పెట్టారు!

అయితే చవకైనంత మాత్రాన పైపు చెడ్డది కాదు. పరీక్షించాలి. అరచేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉండాలి. గోటితో గీకితే గోరు దిగకూడదు, దిగితే లప్పం. అద్దంలా మెరుస్తుంటే అనుమానించాలి, ఆ మెరుపు వార్నీషుది. కాడకూ గిన్నెకూ మధ్య అతుకులో వెలుతురు కనపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం రంధ్రం. కాడలోంచి చీపురుపుల్ల దూరిస్తే అది గిన్నె అడుగున సరిగ్గా మధ్యలో తేలాలి. గుంతలున్నా క్షమించొచ్చు. రంధ్రం తప్పితే క్షమించకూడదు.

దీన్ని కరపత్రంగా వేయాలి. ‘సామాన్యుడి పైపు.’ ఎనిమిది పేజీలు.

జనవరి 8, బుధవారం.

మొదటి పైపు. మెరుపు ఎక్కువ. అనుమానించాను, కానీ అందంగా ఉంది.

సమస్య: పైపు పొగాకు జగిత్యాలలో ఎక్కడా లేదు. దేవదాస్ తేలేదు. కాబట్టి బీడీల్లో వేసే తంబాకే నింపాను. ఇది ప్రతిజ్ఞా భంగమా? కాదు! బీడీ అంటే ఆకు, దారం, తంబాకు. ఇందులో ఆకు లేదు, దారం లేదు. మూడింట రెండు వంతులు మానేసినట్టే.

మరో సమస్య: తంబాకు రవ్వలా ఉంది. పీలిస్తే పొగకంటే ముందు తంబాకే నోట్లోకి వచ్చింది.

టార్చి పరీక్ష. సుమిత్ర: “మచ్చ అట్లనే ఉన్నది. పండ్ల మీద ఏందో నల్లగున్నది.”

“అది పరిశోధన.”

జనవరి 11, శనివారం.

మొదటి పైపు అవుట్. వేడికి వార్నీషు బొబ్బలెక్కింది. ఇల్లంతా కొత్త కుర్చీ తగలబెట్టినట్టు వాసన. వార్నీషు వేస్తే కర్రకు ఊపిరి ఆడదని పత్రికలో స్పష్టంగా రాసి ఉంది. అయినా చేతులారా ఎంచుకున్నాను. పైమెరుపు చూసి మోసపోయే గుణం మధ్యతరగతిలో ఇంకా పోలేదు.

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎదురుగా టీ కొట్టులోంచి మొగిలయ్య లేచి వచ్చాడు. మొగిలయ్య నీ మనిషే. మఫ్టీ కానిస్టేబుల్. నా ఇంటికి ఎవరొస్తున్నారో రాసుకోవడం, నా ఉపన్యాసాలు రాసుకోవడం ఆయన డ్యూటీ. మూడేళ్లుగా నా బీడీలే తాగుతున్నాడు.

“సారూ, బీడీ ఉన్నదా?”

“మానేశాను.”

“ఎన్నడు?”

“సోమవారం.”

“రాస్కోనా?”

“రాసుకో.”

రాసుకున్నాడు. తర్వాత తన జేబులోంచి బీడీ తీసి వెలిగించుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ జేబులో బీడీలున్నాయన్నమాట!

జనవరి 12, ఆదివారం. కోరుట్ల.

రెండో పైపు తీసుకుని కోరుట్ల వెళ్లాను. వాదన ఎలా ఉండాలో యూనియన్ వాళ్లతో మాట్లాడాలి.

బస్టాండులో దిగేసరికి కొత్తగా దింపిన సాయుధ పోలీసులు ఇద్దరు నిలబడి ఉన్నారు. మన జిల్లావాళ్లు కారు, నన్నెరగరు. నా నోట్లో పైపు చూశారు. టక్కున సెల్యూట్ కొట్టారు! పదమూడేళ్లుగా ఉద్యమాల్లో ఉన్నాను. నా మీద లాఠీలు లేచాయి గానీ చేతులు లేవలేదు. నేనూ అలవాటుగా తల ఊపాను.

నేను కొమురవ్వ ఇంటికి చేరేసరికే ఆ వార్త ఆమెకు చేరింది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అంది:

“నీకు సెల్యూట్ గొట్టిండ్రట గదా సారూ. మా ఆడోళ్లు జూసొచ్చిండ్రు. నీ పక్కకు కూసుంటందుకు భయపడుతున్నరు. గా పైపు జేబుల పెట్టు.”

“ఇది వేరు గడ్డ కొమురవ్వా. దీని వెనక కూలీల చెమట ఉంది.”

“ఉంటే ఉండనియ్యి. జేబుల పెట్టు.”

పెట్టాను. అయినా అప్పటికే ఆ పైపు మీద నా అభిప్రాయం స్థిరపడింది. రంధ్రం తప్పు. అడుగున కాకుండా కొంచెం పైన తేలింది. అడుగున తంబాకు కాలక తడిగా మిగిలిపోతుంది, పీల్చినప్పుడల్లా గుడగుడమంటుంది. చేదు నీళ్లు నేరుగా మచ్చ మీదికే వస్తాయి. మంట.

నోటి సంగతి కొమురవ్వకు చెప్పాను. ఆమె కత్తెర ఆపింది.

“మూడో తారీకు దాక నోరు బాగుండాలె సారూ.”

“ఆ తర్వాత అక్కర్లేదా?”

“తర్వాత గూడ పనికొస్తది. నీకు.”

రెండో పైపు అవుట్.

జనవరి 19, ఆదివారం. సిరిసిల్ల.

పదమూడు రోజులు బీడీ లేదు! నన్ను నేను మెచ్చుకోకుండా ఉండలేను. మూడో పైపు దొరికింది. తేలిక. రంధ్రం సూటి. నల్లటి రంగు. గోటితో గీకడం మరిచిపోయాను. మరిచిపోలేదు, గీకలేదు. మంచి రంగు పోతుందని.

అన్న రాజలింగం ఇంటికి వచ్చాను. ఆరు సాంచాలున్నాయి ఆయనకు, కరెంటుతో నడిచే మగ్గాలు. సాంచాల మోతలో మాట వినపడదు. షెడ్డులో పొగ తాగకూడదని గోడ మీద రాసి ఉంది. అది బీడీల గురించి రాసింది. అన్న అటు తిరిగి పని చూపిస్తుంటే నేను పైపు వెలిగించాను.

గిన్నె పక్కనుంచి లప్పం ఊడి పడింది. శెనగగింజంత లప్పం. ఆ బొక్కలోంచి నిప్పు జారి సాంచ మీది పడుగులో పడింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత పోగులు ఒక్కొక్కటే తెగి విడిపోయాయి.

అన్న సాంచ బందు చేశాడు. మోత ఆగేసరికి ఆయన అరుపు పక్కవీధి దాకా వినపడింది.

“ఏంర తమ్మీ! నోట్ల కొలిమి వెట్టుకొని వచ్చినవార! నువ్వు కరపత్రాలు రాస్తే పోలీసులొచ్చిండ్రు. ఏమనలే. ఇప్పుడు పొగ తాగొస్తే ఫైరింజనొస్తది!”

“అన్నా, ఇది పైపు లోపం కాదు. లోపాన్ని దాచిన వ్యవస్థ లోపం. లప్పం పెట్టకుండా గుంతను గుంతలా వదిలేసి ఉంటే...”

“వ్యవస్థ సంగతి తర్వాత. గీ పోగులు ఎవలు అతుకుతరు?”

సాయంత్రం దాకా నేనే అతికాను. చిన్నప్పుడు నేర్చుకున్న పని, వేళ్లు మరిచిపోలేదు. వదిన టీ తెచ్చి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మూడో పైపు అవుట్.

బస్సు ఎక్కేముందు ఒక బీడీ తాగాను. ఒకటే. పోగులు అతికినవాడికి ఆ హక్కు ఉంటుంది.

జనవరి 22, బుధవారం.

నాలుగో పైపు. అతుకులో వెలుతురు. సూర్యుడి వైపు పట్టి చూస్తే సన్నని గీతలా కనపడుతోంది. గాలి పక్కనుంచి పోతుంది, ఎంత పీల్చినా ఆరిపోతుంది. అవుట్. పది నిమిషాల్లో తేల్చాను. నాణ్యత నిర్ణయంలో నాకు పట్టు చిక్కింది.

ఒక పద్ధతి ప్రశ్న: పైపు పొగ చల్లనా వేడా అని తేల్చాలంటే దేనితో పోల్చాలి? బీడీతో. కాబట్టి పోలిక కోసం పొద్దున రెండు, సాయంత్రం మూడు. వీటిని తాగిన బీడీలు అనకూడదు. కొలమానాలు అనాలి.

జనవరి 24, శుక్రవారం.

టార్చి. సుమిత్ర చాలాసేపు చూసింది. టార్చి ఆర్పి, మళ్లీ వేసి చూసింది.

“పెద్దగయింది.”

“ఎంత?”

“పల్లి గింజంత.”

“కందిగింజకూ పల్లికీ మధ్య తేడా టార్చి కోణాన్ని బట్టి...”

“ఏందయ్యా నీ వాదన? నోరు నీదా, నాదా?”

“నాదే.”

“నీదే అయితే నాకెందుకు నిద్ర వడ్తలేదు?”

వాదన ఆపాను. చేతకాక కాదు. నోరు తెరిచే ఉంది, టార్చి దవడకు అడ్డం ఉంది.

జనవరి 26, ఆదివారం.

బడిలో జెండా ఎగరేసి ఇంటికి వచ్చేసరికి ఇద్దరు కూర్చుని ఉన్నారు. విచారణ కాగితాల మీద వేలిముద్రలు తెచ్చిన కొమురవ్వ, పైపుల కోసం వచ్చిన దేవదాస్.

“సార్, నాలుగు తీస్కపోతివి,” అన్నాడు దేవదాస్, గొంతు తగ్గించి. “నచ్చినయా?”

“ఒక్కటీ బాగాలేదు.”

“అయితే వాపస్ ఇయ్యి సార్.”

“ఎలా ఇస్తాను? పరిశోధనకు అన్నీ పక్కపక్కన ఉండాలి. పైగా మొదటిదానికి బొబ్బలు, మూడోదానికి బొక్క.”

“అంటే తాగినవ్.”

“పరీక్షించాను.”

కొమురవ్వ కాగితాలు దస్తీలో కడుతూ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు ఊగాయి. తర్వాత నోరు కూడా.

“ఏంది?” అన్నాను.

“ఏం లేదు సారూ. బాగలేవంటివి. పైసలియ్యకపోతివి. వాపస్ ఇయ్యకపోతివి. బాగనే తాగితివి. మా చెకర్ గూడ గిదే జేస్తడు. నాణ్యత జూస్తున్న అంటడు.”

“పోలిక తప్పు! అక్కడ దోపిడీ ఉంది. ఇక్కడ గురుశిష్య సంబంధం ఉంది.”

“అవును సార్,” అన్నాడు దేవదాస్. “నాకు అప్పుడు గూడ తక్కువ మార్కులే ఏసినవ్.”

సుమిత్ర లోపలి నుంచి నవ్వింది. మూడు వారాల్లో ఆమె నవ్వడం ఇదే మొదటిసారి. అందుకని కోపం మింగేశాను.

వాళ్లు వెళ్లాక పెరట్లో ఒక బీడీ. కోపంలో తాగినది లెక్కలోకి రాదు.

జనవరి 28, మంగళవారం.

దొరికింది!!

ఐదో పైపు. దేవదాస్ చూపించడానికే సిగ్గుపడ్డాడు. రంగు లేదు, వార్నీషు లేదు, లప్పం లేదు. మూడు గుంతలు బాహాటంగా కనపడుతున్నాయి. నారగీతలు ఒక వరుస మీద లేవు. చీపురుపుల్ల దూరిస్తే సరిగ్గా అడుగున, నడిమధ్య తేలింది. గిన్నెలో మూడో వంతే నింపి వెలిగించాను. గుడగుడ లేదు. చేదు లేదు. చల్లని పొగ!

చవక పైపు నాణ్యత అంటే ఇదీ. తనలో గుంతలున్నాయని ఒప్పుకునే పైపు మంచి పైపు. కరపత్రానికి మొదటి వాక్యం ఇదే.

రేపటి నుంచి కొలమానాలు పూర్తిగా బంద్. డబ్బులిచ్చి కొంటాను. అందరికీ న్యాయం జరుగుతుంది.

(సాయంత్రం: ఒకటి. టీతో.)

జనవరి 31, శుక్రవారం.

మధ్యాహ్నం నేను బడిలో ఉండగా సోదా. నువ్వే వచ్చావు. ఈ డైరీ నా సంచీలో ఉండి బతికిపోయింది. అంటే నువ్వింకా ఇది చదవలేదన్నమాట. మొదటి రోజు నిన్ను తిట్టింది కొంచెం తొందరపడి తిట్టినట్టయింది. వెనక్కి మాత్రం తీసుకోను. ఆలస్యంగానైనా రుజువైంది.

సుమిత్ర చెప్పింది రాస్తున్నాను. కరపత్రాలు తీసుకున్నారు, ఒక క్యాసెట్ తీసుకున్నారు. తర్వాత కిటికీలో వరసగా ఉన్న పైపులు చూసి ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడట.

“ఒక్క మనిషికి అయిదు పైపులెందుకమ్మా? మిగిలిన నలుగురు ఎవలు?”

“నలుగురెవలు లేరు సార్. నాలుగు మంచిగ లెవ్వు.”

“మంచిగ లేకుంటే ఎందుకుంచుకున్నడు?”

“గదే మేము గూడ అడుగుతున్నం.”

ఐదూ పట్టుకుపోయారు. దొరికిన ఒక్క మంచి పైపు కూడా! పక్కనే ఉన్న బీడీ కట్ట ముట్టుకోలేదు. ఈ రాజ్యం ఏది తీసుకుంటుందో, ఏది వదిలేస్తుందో చూడండి.

వదిలేసిన దాన్ని ఏం చేశానో రాయను.

ఫిబ్రవరి 3, సోమవారం. కోరుట్ల.

విచారణ. గది నిండా ఆడవాళ్లు. కిటికీ అవతల కూడా. మొగిలయ్య మూలన కూర్చుని రాసుకుంటున్నాడు. పొద్దున్నుంచి నాలిక మండుతోంది. నిన్నటి నుంచి మజ్జిగన్నమే.

అరగంట మాట్లాడాను. లెక్కలు, చట్టం, అన్నీ. ఆఫీసరు తల ఊపుతున్నాడు గానీ పెన్ను కదలడం లేదు. కంపెనీ మేనేజరు లేచాడు. మెత్తని మనిషి.

“కొనేటోడు నాణ్యత చూసుకోవద్దా సార్? అది మా హక్కు. జనార్దన్ సారు కూడ మొన్న అయిదు పైపులు తీస్కపోయి నాణ్యత చూసిండట. జగిత్యాలల అందరికి ఎర్కే.”

గది గొల్లుమంది. మన ఆడవాళ్లు కూడా! దేవదాస్ దుకాణంలో అన్ని సరుకులతోపాటు నా పేరు కూడా అమ్ముతున్నారన్నమాట. చెవులు వేడెక్కాయి. కొమురవ్వ వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. నేనేమంటానా అని చూస్తోంది.

లేచాను. ఏం అనాలో అనుకోకుండా లేవడం నా జీవితంలో మొదటిసారి.

“నిజమే ఆఫీసరు గారూ. అయిదు తీస్కపోయిన. నాలుగు బాగలేవన్న. దేవదాసుకు ఒక్క పైస ఇయ్యలే. ఒక్క పైపు వాపస్ ఇయ్యలే. అన్నీ తాగిన. బాగలేని పైపు గూడ నా నోట్ల బాగనే కాలింది. గిట్ల జేసినోడిని ఏమంటరో ముందు నన్ను అనండి. ఇంతమంది ముందట అనండి. తర్వాత గదే మాట కంపెనీని అనండి.”

నవ్వు ఆగింది. మేనేజరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆఫీసరు పెన్ను మూత తీశాడు. చెకర్ పక్కన పెట్టిన ప్రతి బీడీనీ చుట్టిన మనిషి చేతికి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి. లేదా కూలి కట్టి తీసుకోవాలి. మధ్యంతర ఉత్తర్వు.

గెలిచాం!!

సాయంత్రం బస్టాండు. పోశవ్వ అనే ముసలామె పరుగెత్తుకొచ్చింది. యాభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కొంగు ముడి విప్పి నా చేతిలో పోసింది. చెకర్ పక్కన పడేసి, ఇవాళ మొదటిసారి తిరిగి ఆమె చేతికిచ్చిన బీడీలు. గుప్పెడు.

“పోయినయి పోయినట్టే ఉండె బిడ్డా ఇన్నేండ్లు. ఇయ్యాల మర్లొచ్చినయ్. పస్టుది నువ్వు ముట్టియ్యాలె.”

కొమురవ్వ అడ్డం వచ్చింది. “వద్దు పోశవ్వా, సారు నోరు బాగలేదు. సారూ, ఊకే చేతుల పట్టుకో. ముట్టియ్యకు.”

“ఇది బీడీ కాదు కొమురవ్వా. విజయ చిహ్నం. దీన్ని కాదంటే ఈ తల్లి శ్రమను చెకర్ లాగే నేనూ తిరస్కరించినట్టు. రెండోసారి అవుట్ చేసినట్టు.”

“నీతోని ఎవలు మాట్లాడుతరు సారూ,” అని కొమురవ్వ పక్కకు తిరిగింది. ఒకే రోజు రెండు వాదనలు గెలిచాను.

ముట్టించాను. మంచి బీడీ. దాన్ని చెకర్ ఎందుకు తీసేశాడో నాకు అర్థం కాలేదు. ఇంకోటి ముట్టించి చూశాను, అదీ బాగానే ఉంది. బస్సు రాయికల్ మూలమలుపు దాటేసరికి కొంగు ముడిలోవి అన్నీ పరీక్షించడం అయిపోయింది. ఒక్కదానిలోనూ లోపం లేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం.

డాక్టరు. చింతగింజంత అన్నాడు. సూది వేసి ముక్క కోశాడు, రెండు కుట్లు వేశాడు, సీసాలో పెట్టి మూత బిగించాడు. నాలుగు రోజులు మాట్లాడొద్దన్నాడు. ఫలితం రెండు వారాలకు పోస్టులో వస్తుంది.

సుమిత్ర నాతో ఇంటిదాకా నడిచింది. ఇరవై రెండేళ్ల కాపురంలో నేను వాదించకుండా నడిచి రావడం ఇదే మొదటిసారి. గుమ్మం ముందు నా చెయ్యి పట్టుకుంది. వీధిలో, అందరూ చూస్తుండగా. వదల్లేదు.

మొగిలయ్య వచ్చి బీడీ ఇవ్వబోయాడు. వద్దని చెయ్యి ఊపాను.

“సారూ, పొద్దటి సంది ఒక్క మాట మాట్లాడుతలేవు. మౌన నిరసన అని రాస్కోనా?”

రాసుకో అని తల ఊపాను.

ఫిబ్రవరి 5, బుధవారం. ఉదయం.

సుమిత్ర ఈ డైరీ తెచ్చి ముందు పెట్టింది. “మాట్లాడకు. రాయి,” అంది.

రాస్తున్నాను. ఈరోజు నుంచి పొగ బంద్. బీడీ కాదు, పైపు కాదు, కొలమానం కాదు. పొగ. డాక్టరు మొదటి రోజే ఈ మాట అన్నాడు. నేనే దానికి భాష్యం రాశాను. వరంగల్ నుంచి ఏ జవాబు వచ్చినా ఇది మారదు.

నాకు మాట్లాడే వీలు లేదు. కాబట్టి ఈసారి ఈ డైరీని సంచీలో దాచను. కిటికీలో పెడుతున్నాను. వచ్చి తీసుకో. నా డిమాండ్లు ఇవి:

1. ఐదు పైపులూ దేవదాస్‌కు అప్పగించాలి. నాకు కాదు.

2. ఆ నలుగురి కోసం వెతకడం ఆపాలి. లేరు.

3. తిరిగి ఇచ్చే ఉత్తర్వు కోరుట్లలో అమలవుతోందో లేదో వారానికోసారి మొగిలయ్యను పంపి చూడాలి. రాసుకోవడం ఆయనకు వచ్చు.

4. మొగిలయ్య నాకు బీడీ ఇవ్వకూడదు. నేను అడిగినా ఇవ్వకూడదు. నేను వాదించి గెలిచినా ఇవ్వకూడదు.

5. నా ఉత్తరాలు నాకంటే ముందు మీరే విప్పుతారని నాకు తెలుసు. వరంగల్ కవరు కూడా విప్పుతారు. విప్పండి. చదవండి. అదే రోజు ఇంటికి చేర్చండి.

6. ఇంట్లో నేను లేకపోతే సుమిత్ర చేతికి ఇవ్వాలి. ఆమె అడిగితే అందులో ఏముందో నిజం చెప్పాలి.